కడుపు కోసి అడిగిన ప్రశ్న

(స్మారకోపన్యాస పాఠం)



మా మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసం ఇవ్వమన్నప్పుడు విషయం కోసం నేను పెద్దగా తడుముకోలేదు. ఏ జంతువు గురించి పాఠం చెప్పినా ఆయన మొదట అడిగేది ఒకటే: "ఇది ఏం తిని బతుకుతుందిరా?" పళ్ళు, పేగులు, కాళ్ళు, రంగు అన్నీ ఆ తర్వాతే. ఇప్పటివరకు భూమ్మీద పుట్టిన జంతువులన్నిటిలోకీ పెద్దదైన నీలి తిమింగలం విషయంలో ఆ ప్రశ్నకు మనం చాలాకాలం చెప్పుకున్న జవాబు సగానికి సగం కూడా సరైనది కాదంటే మీలో కొందరు నమ్మకపోవచ్చు. ఏం తింటుందో తెలుసు. ఎంత తింటుందో, ఎక్కడ, ఎప్పుడు, ఎలా తింటుందో కూడా తెలుసనే అనుకున్నాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అక్కడ తప్పు శాస్త్రవేత్తల తెలివిలో లేదు, ప్రశ్న అడిగిన తీరులో ఉంది. చచ్చిన తిమింగలాన్ని అడిగాం. అది చెప్పగలిగినంతే చెప్పింది.

దక్షిణ అట్లాంటిక్‌లో, అంటార్కిటికా వైపు, సౌత్ జార్జియా అనే మంచు దీవి ఉంది. 1904లో కార్ల్ ఆంటన్ లార్సెన్ అనే నార్వే నావికుడు అక్కడి గ్రిట్‌వికెన్‌లో తిమింగలాల వేట కేంద్రం పెట్టాడు. తిమింగలాన్ని ఒడ్డుకు లాగి, కొవ్వు ఒలిచి, మరిగించి నూనె తీయడం అక్కడి పని. ఆ నూనె సబ్బుల్లోకి, మార్గరీన్‌లోకి పోయేది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఆ దీవిని ఏలే బ్రిటిష్ ప్రభుత్వానికి బెంగ పట్టుకుంది. తిమింగలాల మీద జాలితో కాదు, అవి అయిపోతే పన్ను రాబడి పోతుందని. ఆ నూనె మీద వేసిన పన్నుతోనే పరిశోధనకు డబ్బు సమకూర్చారు. వేట పన్నుతో వేట జంతువును కాపాడుకోవడం ఎలాగో తెలుసుకునే ఏర్పాటన్నమాట. దానికి డిస్కవరీ ఇన్వెస్టిగేషన్స్ అని పేరు. కెప్టెన్ స్కాట్ మొదటిసారి అంటార్కిటికాకు వెళ్ళిన ఓడ డిస్కవరీనే మళ్ళీ సిద్ధం చేసి పంపారు. బృంద నాయకుడు స్టాన్లీ కెంప్ మనకు మరీ పరాయివాడు కాదు. అంతకుముందు కలకత్తాలో ఇండియన్ మ్యూజియంలోనూ, జంతు సర్వేక్షణ సంస్థలోనూ ఏళ్ళ తరబడి పనిచేసి, మన దేశపు రొయ్యల జాతుల మీద ఎన్నో వ్యాసాలు రాసినవాడు. రొయ్యల నిపుణుణ్ణి తిమింగలాల పనికి నాయకుడిగా పంపడం విచిత్రంగా అనిపించవచ్చు. ఆ తిమింగలాలు తినేది క్రిల్. రొయ్యలా కనిపిస్తుంది, రొయ్య కాదు. పెద్దదైనా మన చిటికెన వేలంత. ఎంపిక సరిపోయింది.

1925లో గ్రిట్‌వికెన్ పక్కనే కింగ్ ఎడ్వర్డ్ పాయింట్ దగ్గర ప్రయోగశాల కట్టారు. మాకింటోష్, వీలర్ అనే ఇద్దరు యువ శాస్త్రవేత్తలు అక్కడ కుదిరారు. రెండేళ్ళలో, దక్షిణాఫ్రికాలోని సల్దానా బేతో కలిపి, వాళ్ళు పరీక్షించిన తిమింగలాలు 1,683. ఆ పని ఎలాంటిదో ఒక్కసారి ఊహించుకోండి. ఆవిరి యంత్రాలు లాగిన కళేబరం చెక్క వేదిక మీదికి వస్తుంది. కొవ్వు ఒలిచేవాళ్ళు దాని మీదికెక్కి కోస్తుంటారు. వాళ్ళు శాస్త్రవేత్తల కోసం ఆగరు. వాళ్ళ పని తొందర వాళ్ళది. ఈ ఇద్దరూ నెత్తురు, మంచు కలిసి జారే చెక్కల మీద కాలు నిలదొక్కుకుంటూ పొడవు కొలవాలి, కొవ్వు మందం కొలవాలి, అండాశయాలు వెతకాలి, కడుపు తెరిచినప్పుడు అందులో ఏముందో చూసి రాసుకోవాలి. ఉన్నది దాదాపు ఎప్పుడూ ఒకటే, ఎర్రటి క్రిల్ ముద్ద. 1929లో అచ్చయిన వాళ్ళ నివేదిక ఈనాటికీ చదవదగ్గది. ఆ ఓపికను తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు.

ఆ నివేదిక నుంచి ఒక సిద్ధాంతం స్థిరపడింది. సౌత్ జార్జియా దగ్గర వేసవిలో చంపిన వాటి కడుపులు నిండుగా ఉన్నాయి. సల్దానా బే దగ్గర చంపిన వాటి కడుపుల్లో చాలావరకు ఏమీ లేదు, కొవ్వు పొర కూడా పలచబడింది. కాబట్టి పెద్ద తిమింగలం వేసవి నాలుగైదు నెలలు చల్లని నీళ్ళలో దండిగా తిని, మిగతా కాలం వెచ్చని నీళ్ళలో దాదాపు ఉపవాసం ఉంటుంది. దక్షిణ సముద్రాల నీలి, ఫిన్ తిమింగలాలకు ఈ మాట చాలావరకు నిలబడింది కూడా. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అది తిమింగలాలన్నిటి ధర్మంగా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. వేట ఓడ వెళ్ళిన చోటే, వెళ్ళిన రుతువులోనే, లాభసాటి సైజున్న జంతువునే చంపుతుంది. దాని కడుపులో ఉన్నది ఆఖరి కొన్ని గంటల తిండి. ఒక ఇంటివాళ్ళు ఏడాది పొడుగునా ఏం తింటారో తెలుసుకోవడానికి పెళ్ళినాడు వాళ్ళ విస్తరి చూసి వచ్చినట్టు ఉంటుంది ఈ పద్ధతి. విస్తట్లో ఉన్నది నిజమే. దాన్నిబట్టి నెలసరి సరుకుల చీటీ రాయలేం.

అయినా కడుపు చూసినవాళ్ళందరూ ఒకే తీరున చూడలేదు. స్పెర్మ్ తిమింగలం సంగతి తీసుకోండి. ఇది పళ్ళున్న జాతి. సముద్రంలో అరకిలోమీటరు, కిలోమీటరు లోతుకు దిగి స్క్విడ్‌లను పట్టి తింటుంది. అక్కడికి మనిషి చూపు పోదు. కానీ స్క్విడ్ నోట్లో చిలుక ముక్కులాంటి భాగం ఉంటుంది. కైటిన్‌తో తయారైన ఆ ముక్కు జీర్ణం కాదు. ఒక్క స్పెర్మ్ తిమింగలం కడుపులో అలాంటి ముక్కులు వేల సంఖ్యలో దొరుకుతాయి. 1950లలో తిమింగలాల వేట ఓడ మీద ఇన్‌స్పెక్టర్‌గా వెళ్ళిన మాల్కం క్లార్క్ అనే బ్రిటిష్ యువకుడు ఈ ముక్కుల మీద పడ్డాడు. ఏ ముక్కు ఏ జాతిది, కింది ముక్కు ఇంత పొడవుంటే స్క్విడ్ ఎంత బరువుంటుంది అని జీవితాంతం లెక్క కట్టాడు. 1986లో వచ్చిన ఆయన చేతిపుస్తకం ఈ రంగంలో అందరి బల్లల మీదా ఉంటుంది. ఆయన పనిలో నాకు నచ్చినది ఇంకొకటి ఉంది. లోతు సముద్రంలో శాస్త్రవేత్తల వలకు దొరికేవి చిన్న స్క్విడ్‌లే. పెద్దవి వలను చూసి తప్పించుకుంటాయి. తిమింగలానికి దొరికేవి పెద్దవి. అంటే తిమింగలమే మనకంటే మంచి వల. కొలోసల్ స్క్విడ్ అనే మహాకాయ జీవిని శాస్త్రలోకం మొదట గుర్తించింది 1925లో, ఒక స్పెర్మ్ తిమింగలం కడుపులో దొరికిన చేతుల ముక్కల నుంచే. తినేదాని కడుపులోంచి తినబడేదాని గురించి తెలుసుకున్నాం.

ఇక లెక్క వైపు తిరుగుదాం. ఇరవయ్యో శతాబ్దంలో పరిశ్రమ చంపిన తిమింగలాలు దాదాపు 29 లక్షలు. అందులో 20 లక్షలకు పైగా దక్షిణార్ధగోళంలోనే. ఇందులో కొంత భాగం చాలాకాలం కాగితాల మీదికి రానేలేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సోవియట్ ఓడలు దాదాపు 1,80,000 తిమింగలాలను లెక్కల్లో చూపకుండా చంపి, అంతర్జాతీయ తిమింగలాల కమిషన్‌కు దొంగ లెక్కలు పంపాయి. 1993లో రష్యన్ శాస్త్రవేత్త అలెక్సీ యాబ్లొకోవ్ ఆ సంగతి బయటపెట్టాడు. ఓడల మీద పనిచేసిన శాస్త్రవేత్తలు కొందరు అసలు లెక్కల పుస్తకాలను దాచి ఉంచారు. వాటిలో మనకు బాగా పనికొచ్చేది ఒకటుంది.

1960లలో ఆ ఓడలు అరేబియా సముద్రంలోకి వచ్చాయి. 1966 నవంబరులో ఒమన్, పాకిస్థాన్, గుజరాత్ తీరాల ఎదుట కొద్ది వారాల్లో రెండు వందలకు పైగా హంప్‌బ్యాక్ తిమింగలాలను చంపాయి. ఆ రికార్డులను యూరీ మిఖలేవ్ 1997లో ప్రచురించాడు. అంటార్కిటికా సిద్ధాంతం ప్రకారం వెచ్చని సముద్రంలో వాటి కడుపులు ఖాళీగా ఉండాలి. ఖాళీగా లేవు. ఒమన్ వైపు చంపిన వాటిలో క్రిల్ జాతి జీవులు, పాకిస్థాన్, భారత తీరాల వైపు చంపిన వాటిలో సార్డీన్లు, కానగంతల వంటి మంద చేపలు. ఇవి దక్షిణ ధ్రువం వైపు పోయేవి కాదు. ఏడాది పొడుగునా ఇక్కడే ఉండి, ఇక్కడే తిని, ఇక్కడే కనే గుంపు. తర్వాత జన్యు పరీక్షలు కూడా ఇవి దాదాపు 70,000 ఏళ్ళుగా మిగతా హంప్‌బ్యాక్‌ల నుంచి వేరుపడి ఉన్నాయని చెప్పాయి. ఒమన్ తీరంలో వాటి సంఖ్య వందలోపేనని అంచనా. ఒమన్ దగ్గర ఉపగ్రహ పరికరం తగిలించిన 'లుబాన్' అనే ఆడ తిమింగలం అరేబియా సముద్రం దాటి గోవా ఎదుటికి, అక్కడి నుంచి దేశపు దక్షిణ కొన దాకా వచ్చి మళ్ళీ వెళ్ళిపోయింది. మన ఇంటి ముంగిట్లోనే ఇంత మినహాయింపు ఉందని తెలియడానికి ఒక నేరం తాలూకు లెక్కల పుస్తకం కావలసి వచ్చింది. అలాంటి సమాచారం వాడొచ్చా అని విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. వాడాలనే నా మతం. వాడిన ప్రతిచోటా అది ఎలా వచ్చిందో కూడా రాయాలి.

చంపడం ఆగాక కడుపు ప్రశ్న ఆగిందా? లేదు, రాజకీయమైంది. అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ 1982లో వాణిజ్య వేటను ఆపాలని తీర్మానించింది. శాస్త్ర పరిశోధన కోసమైతే చంపొచ్చనే పాత నిబంధన మాత్రం మిగిలింది. జపాన్ 1987 నుంచి అంటార్కిటికాలో ఆ నిబంధన కిందే మింకీ తిమింగలాలను చంపుతూ వచ్చింది. చెప్పిన కారణాల్లో పెద్దది తిండే. ఏం తింటున్నాయో, ఎంత తింటున్నాయో తెలియాలంటే కడుపు చూడాలి కదా అని. దీనికి జోడుగా ఇంకో వాదం: లోకంలోని మత్స్యకారులందరూ పట్టే చేపల కంటే తిమింగలాలు ఎన్నో రెట్లు తింటున్నాయి, కాబట్టి వాటిని తగ్గిస్తే మనకు చేపలు పెరుగుతాయి. వినడానికి లెక్కలాగే ఉంటుంది. 2004లో క్రిస్టిన్ కాష్నర్, డేనియల్ పౌలీ అనే ఇద్దరు పటం మీద పెట్టి చూశారు. తిమింగలాలు ఎక్కువగా తినే చోట్లు, మనుషులు ఎక్కువగా చేపలు పట్టే చోట్లు పెద్దగా కలవవు. కలిసిన చోటా ఇద్దరూ తినేది చాలావరకు ఒకే జాతి కాదు. క్రిల్ తినే తిమింగలానికీ, మన సంతలోకి వచ్చే చేపకూ పోటీ ఎక్కడిది?

ఆస్ట్రేలియా ఈ గొడవను అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకెళ్ళింది. 2014 మార్చి 31న తీర్పు వచ్చింది. జపాన్ కార్యక్రమం నిబంధనలో చెప్పిన శాస్త్ర పరిశోధన కోసం నడిచినది కాదని 12 మంది న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు. మన దేశానికి చెందిన న్యాయమూర్తి దల్వీర్ భండారీ మెజారిటీలో ఉన్నారు. తీర్పులో నన్ను ఆపేసిన చోటు ఒకటుంది. జపాన్ తర్వాత నడిపిన రెండో కార్యక్రమంలో అప్పటికి దాదాపు 3,600 మింకీ తిమింగలాలను చంపారు. దాని నుంచి వచ్చినవని జపాన్ చూపించగలిగిన సమీక్షిత పరిశోధన పత్రాలు రెండు. మాకింటోష్, వీలర్ల వెనుక కూడా పరిశ్రమే ఉంది. కానీ ఆ ఇద్దరూ పరిశ్రమ ఎలాగూ చంపిన దాన్ని చూశారు. ఇక్కడ చూడటం కోసమని చంపారు, చూసింది తక్కువ. జపాన్ 2019లో ఆ కమిషన్ నుంచే బయటికి వచ్చి, తన తీరజలాల్లో వాణిజ్య వేట మళ్ళీ మొదలుపెట్టింది.

బతికున్న తిమింగలాన్ని అడగడం ఎలాగో మాట్లాడుకుందాం. ఇది నాకు ఇష్టమైన భాగం, కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

కెనడా పశ్చిమ తీరంలో వాంకూవర్ దీవి ఉంది. 1970 మార్చిలో అక్కడి పెడర్ బే అనే చిన్న అఖాతంలో వినోదశాలల కోసం అయిదు ఓర్కా (కిల్లర్ వేల్) తిమింగలాలను వలకట్టి పట్టారు. వాటి ముందు సాల్మన్ చేపలు వేశారు. ముట్టలేదు. మరుసటి రోజూ ముట్టలేదు. వారాలు గడిచాయి, ఎముకలు తేలాయి. రెండు నెలలు దాటాక వాటిలో ఒకటి చచ్చిపోయింది. ఆ తర్వాత గానీ మిగిలినవి సాల్మన్ నోట పెట్టలేదు. అప్పట్లో ఎవరికీ అంతుబట్టలేదు. అదే సముద్రంలో ఇంకో గుంపు ఓర్కాలు సాల్మన్ తప్ప ఇంకోటి పెద్దగా ముట్టవు మరి! మైకేల్ బిగ్ అనే శాస్త్రవేత్త 1970లలో ఒక్కొక్క ఓర్కానూ వీపు రెక్క మీది గాట్లనుబట్టి, దాని వెనకున్న బూడిదరంగు మచ్చనుబట్టి ఫోటోలతో గుర్తుపట్టడం మొదలుపెట్టాక గుట్టు వీడింది. ఒకే నీళ్ళలో రెండు తెగలు. ఒక తెగ చేపలు తింటుంది. ఇంకో తెగ సీళ్ళను, సముద్ర సింహాలను, డాల్ఫిన్లలాంటి పోర్పస్‌లను వేటాడుతుంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి జతకట్టవు. పెడర్ బేలో పట్టినవి రెండో తెగవి. సాల్మన్ వాటి దృష్టిలో తిండే కాదు. ఆకలి వేసినంత మాత్రాన ఏదైనా తినేయదు తిమింగలం. తల్లి ఏది తినడం నేర్పితే అదే తిండి. ఆ బందీల్లో కొన్ని తర్వాత వల తప్పించుకుపోయి మళ్ళీ సీళ్ళ వేటకే వెళ్ళాయి. సముద్రంలో ఈ తెగ ఓర్కాను చంపి కడుపు కోస్తే సీల్ మాంసం కనిపించేది. అది ఎంపిక అనీ, నేర్చిన అలవాటనీ ఏ కడుపూ చెప్పేది కాదు.

చేపలు తినే తెగ సంగతి 1998లో జాన్ ఫోర్డ్ బృందం వివరంగా రాసింది. వాళ్ళ పద్ధతి వినండి. పడవలో దూరంగా వెనక వెళతారు. ఓర్కా చేపను తరిమి పట్టి పైకి వచ్చి వెళ్ళాక, ఆ చోటికి చేరి సన్నకన్ను చేతివలతో నీళ్ళు తోడతారు. దొరికేది రెండు మూడు పొలుసులు, ఒక మాంసపు తునక. పొలుసు చూస్తే ఏ జాతి చేపో తెలుస్తుంది. దాని మీది వలయాలు లెక్కిస్తే చేప వయసు తెలుస్తుంది. తునకలో జన్యువులు చూస్తే అది ఏ నదిలో పుట్టిన చేపో కూడా తెలుస్తుంది. వేసవిలో ఆ నీళ్ళలో సాకై, పింక్ సాల్మన్లు కోకొల్లలు. ఓర్కాలు వాటిని పక్కనపెట్టి చినూక్‌ను వెతుక్కుంటాయి. సంఖ్య తక్కువే, కానీ పెద్దది, కొవ్వు ఎక్కువ. ఎక్కువ భాగం ఫ్రేజర్ నదిలోకి ఎక్కబోయే చినూక్‌లు.

ఇక్కడ ఒక కుక్కను పరిచయం చేయాలి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో శామ్ వాసర్ బృందానికి టక్కర్ అనే నల్ల లాబ్రడార్ ఉండేది. దానికి ఈత అంటే భయం. అయినా పడవ ముక్కు మీద నిలబడి, ఓర్కా మలం వాసన దూరం నుంచే పట్టి, ఏ వైపు తిప్పాలో ముక్కుతో చూపించేది. దొరికితే దానికి బహుమతి ఒక బంతి, కాసేపు ఆట. ఆ మలంలో తిన్న చేప జన్యువులు ఉంటాయి, తిన్న ఓర్కా హార్మోన్లు కూడా ఉంటాయి. పడవల రొద వల్ల బెదిరితే ఒక హార్మోన్ పెరుగుతుంది, తిండి చాలకపోతే ఇంకోటి తగ్గుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, పడవల కంటే చేపల కరువే వీటిని ఎక్కువగా కుంగదీస్తోందని 2012లో రాశారు. 2008 నుంచి 2014 దాకా సేకరించిన మలం ప్రకారం, గుర్తించగలిగిన గర్భాల్లో 69 శాతం దాకా నిలవలేదు. చంపకుండా, తాకకుండా, ఒక తల్లి కడుపులో బిడ్డ నిలవలేదని తెలుసుకున్నారు. ఏ గ్రిట్‌వికెన్ వేదిక మీదా ఇది సాధ్యమయ్యేది కాదు.

పాత కాలం తిండి కావాలంటే బలీన్ పలకలు ఉన్నాయి. క్రిల్ తినే తిమింగలాలకు పై దవడ నుంచి గోళ్ళ పదార్థంతో వేలాడే కుచ్చుల్లాంటివి ఇవి, గోళ్ళలాగే జీవితాంతం పెరుగుతాయి. 1980ల చివర డొనాల్డ్ షెల్ అలాస్కా స్థానికులు వేటాడిన బౌహెడ్ తిమింగలాల పలకలను తీసుకుని, కొస నుంచి మొదలుదాకా కార్బన్, నైట్రోజన్ ఐసోటోపులు కొలిచాడు. ఒక్కో పలకలో ఏళ్ళ తరబడి ఎగుడుదిగుడుల గీత వచ్చింది. చలికాలం బేరింగ్ సముద్రంలో తిన్నది, వేసవిలో బ్యూఫోర్ట్ సముద్రంలో తిన్నది, విడివిడిగా. ఈ పద్ధతి ఏ జాతిని తిన్నదో నేరుగా చెప్పదు. తిండి గొలుసులో ఏ మెట్టు మీద, ఏ ప్రాంతంలో తిన్నదో చెబుతుంది.

ఎంత తింటుందన్న ప్రశ్నకు జవాబు కోసం మాత్రం పరికరాల కాలం రావలసి వచ్చింది. నీలి తిమింగలం తినే తీరు ముందు చూద్దాం. లోతుకు దిగి, క్రిల్ మంద కనబడగానే వేగం అందుకుని, నోరు దాదాపు లంబకోణంలో తెరుస్తుంది. గొంతు కింది మడతలన్నీ విచ్చుకుంటాయి. దాని ఒంటి బరువుతో పోల్చదగ్గంత నీరు, క్రిల్‌తో సహా, లోపలికి వస్తుంది. నోరు మూసి, ఆ నీటిని బలీన్ గుండా బయటికి తోస్తుంది. క్రిల్ లోపల మిగులుతుంది. ఆ తోపుతోపుకూ ఊపిరి ఖర్చు. అందుకే మంద చిక్కగా లేకపోతే ఆ పని పెట్టుకోదు.

ఒంటికి అంటుకునే రబ్బరు కప్పుల పరికరాలు వచ్చాక ఇవన్నీ లెక్కకు దొరికాయి. లోతు, వేగం, ఒంటి వాలు సెకనులో అనేక సార్లు నమోదవుతాయి. ఎప్పుడు దూకిందో, ఎన్నిసార్లు నోరు తెరిచిందో గీతలో కనిపిస్తుంది. పైనుంచి డ్రోన్ ఫోటోతో ఒంటి పొడవు, దాన్నిబట్టి నోటి పరిమాణం. పడవలోని ఎకోసౌండర్‌తో ఆ చోట క్రిల్ చిక్కదనం. మూడూ కలిపితే తిండి. 2010 నుంచి 2019 దాకా ఏడు జాతులకు చెందిన 321 తిమింగలాల మీద కూడబెట్టిన ఈ సమాచారాన్ని మాథ్యూ సవోకా, జెరెమీ గోల్డ్‌బోగెన్ తదితరులు 2021లో నేచర్ పత్రికలో ప్రచురించారు. పాత పుస్తకాల్లో నీలి తిమింగలం రోజుకు 4 టన్నులు తింటుందని ఉండేది. చిన్న జంతువుల జీవక్రియ రేటును పెద్దదానికి పెంచి కట్టిన లెక్కలు, కడుపులో దొరికిన బరువులు దానికి ఆధారం. కొత్త లెక్కలో ఉత్తర పసిఫిక్ నీలి తిమింగలం తినే రోజున తినేది 16 టన్నులు. మొత్తమ్మీద పాత అంచనాలకు దాదాపు మూడు రెట్లు. ఈ సంఖ్యను వేటకు ముందు కాలానికి వర్తింపజేస్తే, దక్షిణ సముద్రంలో తిమింగలాలు ఏడాదికి 43 కోట్ల టన్నుల క్రిల్ తినేవి. ఇవాళ అక్కడున్న మొత్తం క్రిల్‌కు అది రెట్టింపు. ప్రపంచంలోని సముద్రాలన్నిటి నుంచి మనుషులు ఏటా పట్టేది 8 కోట్ల టన్నుల దగ్గర తిరుగుతుంది.

ఉన్నదానికి రెట్టింపు ఏటా తినడమేమిటి? తినేవాడు పోతే తిండి మిగలాలి కదా, మరి తిమింగలాలు పోయాక క్రిల్ పెరగకపోగా తగ్గిందేం? సమాధానం మలంలో ఉందని ఒక వాదం. దక్షిణ సముద్రంలో ఎరువులన్నీ ఉన్నా ఇనుము కొరత, అందువల్ల సూక్ష్మ మొక్కలు ఎదగవు. ఆస్ట్రేలియాలో స్టీఫెన్ నికోల్ బృందం 2010లో కొలిచింది. తిమింగలం మలంలో ఇనుము చుట్టూ ఉన్న నీటి కంటే దాదాపు కోటి రెట్లు ఎక్కువ. క్రిల్‌లో ఉన్న ఇనుమును తిమింగలం పైనీళ్ళలో విడిచిపెడితే మొక్కలు పెరుగుతాయి, మొక్కలు పెరిగితే క్రిల్ పెరుగుతుంది. ఈ ఇనుము కథలో మనవాళ్ళకూ వాటా ఉంది. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి పోలార్‌స్టెర్న్ ఓడ మీద లోహాఫెక్స్ అనే ప్రయోగం చేశాయి. దక్షిణ అట్లాంటిక్‌లో 300 చదరపు కిలోమీటర్ల నీటిలో ఇనుప లవణం కలిపారు. మొక్కలు పెరిగాయి, కానీ సిలికా తక్కువగా ఉన్న ఆ నీళ్ళలో పెరిగిన రకాన్ని చిన్న జంతువులు వెంటనే మేసేశాయి. కాబట్టి ఇనుము వేస్తే చాలు అనుకునేవాళ్ళు తొందరపడకూడదు. నికోల్ వాదం నాకు బలంగానే కనిపిస్తుంది, 43 కోట్ల లెక్క మీద మాత్రం వాదోపవాదాలు ఇంకా నడుస్తాయి, నడవాలి కూడా. ఈలోగా క్రిల్‌ను మనుషులూ పడుతున్నారు, సాల్మన్ చెరువుల మేతకూ, మందుల షాపుల్లో అమ్మే క్రిల్ నూనె గోళీలకూ. అట్లాంటిక్ వైపు అంటార్కిటికా ప్రాంతంలో పట్టుబడికి పెట్టిన హద్దు 6.20 లక్షల టన్నులు. సంఖ్య చిన్నదిగానే ఉంది. పట్టే ఓడలు తిమింగలాలు మేసే చోటే గుమిగూడటం దగ్గరే సమస్య.

చివరగా మన వైపు. శ్రీలంక దక్షిణ తీరంలో మిరిస్సా దగ్గర నీలి తిమింగలాలు ఏడాది పొడుగునా ఉంటాయి. వెచ్చని నీళ్ళలో ఇవేం చేస్తున్నాయని ప్రపంచం అడగని కాలంలో, ఆశా డి వోస్ అనే శ్రీలంక యువతి నీటి మీద తేలుతున్న ఎర్రటి మలం చూసి, ఇవి ఇక్కడే తింటున్నాయి అని పట్టుకుంది. 2018లో ఆమె బృందం ఆ మలంలోని జన్యువులు పరీక్షించి ప్రచురించింది. ముఖ్యమైన తిండి క్రిల్ కాదు, సెర్జెస్టిడ్ కుటుంబపు చిట్టి రొయ్యలు. అదే కుటుంబానికి చెందిన అసీటిస్ అనే చిట్టి రొయ్య ఎండి రొయ్యపొట్టుగా మన కోస్తా సంతల్లోకి కూడా వస్తుంది. గోంగూరలో వేసుకునే సరుకు బంధువును ప్రపంచంలోకెల్లా పెద్ద జంతువు తింటోంది. ఈ మేత స్థలం మీదుగానే తూర్పు పడమరల నౌకా మార్గం పోతుంది, ఓడలు తగిలి తిమింగలాలు చస్తున్నాయి. ఎక్కడ తింటాయో తెలిశాక, ఓడలను కాస్త దక్షిణానికి జరపమని అడగడానికి ఆధారం దొరికింది. 2022లో ఎంఎస్‌సి అనే పెద్ద నౌకా సంస్థ తన ఓడల దారిని అలా జరిపింది.

బంగాళాఖాతంలో మన ఎదుట తిరిగే తిమింగలాల తిండి గురించి ఇలాంటి పని చేయడానికి కుక్కలూ, డ్రోన్లూ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా అప్పుడప్పుడూ కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొస్తూనే ఉన్నాయి. జనం చూస్తారు, ఫోటోలు దిగుతారు, వాసన రాకముందే గొయ్యి తీసి పూడుస్తారు. మనం చంపినది కాదు, దానంతట అది వచ్చింది. దాన్ని అడగడంలో తప్పు లేదు, అడగకుండా పూడ్చడంలోనే తప్పుంది. బలీన్ పలక ఒక్కటి దొరికితే కొన్నేళ్ళ తిండి చరిత్ర. అరచేతిలో సగమంత చర్మం ముక్క ఆల్కహాల్‌లో వేస్తే జన్యువులు, ఇంకో ముక్క ఐసులో పెడితే ఐసోటోపులు. పళ్ళున్న జాతి అయితే కడుపులోని ముద్దను సన్నకన్ను జల్లెడలో కడగాలి. కళేబరం ఎంత కుళ్ళినా స్క్విడ్ ముక్కులు, చేపల చెవిరాళ్ళు మిగులుతాయి. తిమింగలాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క పన్ను కూడా తీయకూడదు. కళేబరం వచ్చాక అర్జీ పెడితే గొయ్యి ముందు పూడుతుంది. అందుకని తీరం వెంబడి ఉన్న ప్రతి కళాశాల జంతుశాస్త్ర విభాగమూ అటవీ శాఖతో ముందే రాతపూర్వకంగా మాట్లాడుకుని ఉండాలి. ఆ అనుమతి కాగితం నకలు, చేతి తొడుగులు, నాలుగు ఆల్కహాల్ సీసాలు, టేపు, జల్లెడ, పెన్సిలుతో రాసిన చీటీలు ఒక పెట్టెలో సర్ది ప్రయోగశాల తలుపు పక్కన ఉంచండి. తాళంచెవి హెడ్డుగారి దగ్గర కాదు, అటెండరు దగ్గర ఉండాలి.